ఆఫ్రికా ఆల్ టైం ఎలెవెన్ కట్టాలా? లెఫ్ట్ బ్యాక్ దగ్గర మొదలెట్టండి

మా గ్రూపులో ఒకడున్నాడు, ఆఫ్రికా ఫుట్‌బాల్ ఆల్ టైం ఎలెవెన్ రాయరా అంటే పదకొండు మందిలో ఆరుగురు స్ట్రైకర్లే ఉన్న లిస్ట్ పెట్టాడు. ఒరేయ్ వెనకాల ఎవడు కాస్తాడ్రా అంటే "ఎటో, ద్రోగ్బా, వియా ముగ్గురూ ఉన్నాక వెనక్కి బంతి ఎందుకొస్తది మావా" అన్నాడు. నవ్వుకున్నాం గానీ నిజం చెప్పాలంటే అందరం చేసే పని అదే. పెన్ను పట్టుకోగానే ముందు వరసలో ముగ్గురి పేర్లు టకటకా రాసేస్తాం, తర్వాత మిడ్‌ఫీల్డ్ కాసేపు ఆలోచిస్తాం, డిఫెన్స్ దగ్గరకొచ్చేసరికి ఓపిక అయిపోయి గుర్తొచ్చిన పేరేదో పడేసి అయిపోయిందనిపిస్తాం. ఈసారి నేను ఉల్టా చేశా. ఎక్కడ మనుషులు కరువో అక్కడ మొదలెట్టి, ఎక్కడ తొక్కిసలాట ఉందో అక్కడికి చివర్లో వచ్చా. అలా చేస్తే టీమే మారిపోయింది, నేను కూడా అనుకోలేదు.

దానికన్నా ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి, ఇవి తేల్చకుండా దిగితే ఎంతసేపు వాదించుకున్నా తెగదు.

మొదటిది, ఆఫ్రికన్ ప్లేయర్ అంటే ఎవరు? యుసేబియో పుట్టింది మొజాంబిక్‌లో, కానీ 1966 వరల్డ్ కప్‌లో 9 గోల్స్ కొట్టింది పోర్చుగల్ జెర్సీలో. 1958లో ఒక్క వరల్డ్ కప్‌లోనే 13 గోల్స్ కొట్టిన జస్ట్ ఫాంటైన్ పుట్టింది మొరాకోలోని మరాకెష్‌లో, ఆడింది ఫ్రాన్స్‌కి. జిదాన్ అమ్మానాన్నలు అల్జీరియా నుంచి వచ్చినవాళ్ళు. వీళ్ళందర్నీ లాక్కొస్తే టీమ్ అరాచకంగా ఉంటుంది గానీ అప్పుడది వేరే ఆట అయిపోతుంది. అందుకే నా రూల్ సింపుల్, ఆఫ్రికా దేశం జెర్సీ వేసుకుని ఆడి ఉండాలి, పుట్టింది ఎక్కడైనా ఫర్లేదు. హకీమి పుట్టింది మాడ్రిడ్‌లో, కూలిబాలి, మహరెజ్ ఇద్దరూ పుట్టింది ఫ్రాన్స్‌లో, అయినా మొరాకో, సెనెగల్, అల్జీరియా అని వాళ్ళంతట వాళ్ళే ఎంచుకున్నారు కాబట్టి లోపలికి రానిచ్చా.

రెండోది, అసలు గొడవంతా ఇక్కడే, క్లబ్‌కి ఆడింది చూడాలా దేశానికి ఆడింది చూడాలా? క్లబ్ ఒక్కటే చూస్తే ఈజిప్ట్ సలా, ఐవరీ కోస్ట్ ద్రోగ్బా, లైబీరియా వియా కళ్ళు మూసుకుని రాసేయొచ్చు. దేశం ఒక్కటే చూస్తే ముగ్గురికీ కష్టమే. సలా 2017 ఎడిషన్‌లో ఒకసారి, 2021 ఎడిషన్‌లో ఒకసారి ఆఫ్రికా కప్ ఫైనల్ ఓడిపోయాడు, ద్రోగ్బా 2006లో, 2012లో ఓడిపోయాడు, వియా ఆడిన లైబీరియా అయితే వరల్డ్ కప్ గడప కూడా తొక్కలేదు. అదే కొలతతో చూస్తే యూరప్‌లో పెద్దగా ఆడని ఈజిప్ట్ గోల్‌కీపర్ ఎల్ హదారీ 2006, 2008, 2010 వరసగా మూడు కప్పులు గెలిచి అందరికన్నా పైన కూర్చుంటాడు. నేనైతే క్లబ్‌కి కాస్త ఎక్కువ మార్కులు వేస్తా, ఎందుకంటే క్లబ్‌లో పక్కన మంచోళ్ళు ఉంటారు కాబట్టి మనిషి అసలు స్థాయి తెలుస్తుంది, దేశం విషయంలో ఎక్కడ పుడితే అక్కడ దొరికిన పది మందితోనే ఆడాలి. దేశంలో సివిల్ వార్ నడుస్తుంటే నేషనల్ టీమ్ ఖర్చులు తన జేబులోంచి పెట్టుకున్న వియాని పట్టుకుని నువ్వు వరల్డ్ కప్ ఆడలేదు కదా అంటే ఏం బాగుంటుంది. కానీ ఇద్దరు సమానంగా తూగినప్పుడు మాత్రం దేశానికి ఎవరు గెలిపించారో వాళ్ళకే సీటు.

ఇక లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ అంచున కాసే డిఫెండర్. ఆలోచించండి, ఆఫ్రికా గొప్ప లెఫ్ట్ బ్యాక్ అనగానే మీకు ఎవరు గుర్తొచ్చారు? నాకైతే ఒక నిమిషం ఎవరూ రాలేదు. ఖండం మొత్తం మీద స్ట్రైకర్లు గంపలకొద్దీ ఉంటే ఈ ఒక్క మూల మాత్రం ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది. నాకు దొరికింది నలుగురు. నైజీరియా తాయే తైవో, ఎడమ కాలుతో కొడితే నెట్ చిరిగిపోయేంత షాట్, 2010లో మార్సేతో ఫ్రెంచ్ లీగ్ గెలిచాడు, కానీ వెనక్కి పరిగెత్తడంలో అంత హుషారు చూడలేదు. మొరాకో మజ్రావీ, 2022 వరల్డ్ కప్‌లో లెఫ్ట్‌లో ఆడాడు, మంచి ప్లేయరే గానీ కుడి కాలు మనిషి, అసలు సీటు రైట్ బ్యాక్. మూడోవాడు కామెరూన్ పియెర్ వోమే, ఇతని కథ కాస్త ఆగి చెప్పాలి.

2000 సిడ్నీ ఒలింపిక్స్ ఫైనల్‌లో స్పెయిన్ మీద పెనాల్టీల్లో కామెరూన్‌కి గోల్డ్ తెచ్చిన చివరి కిక్ వోమేదే. ఐదేళ్ళ తర్వాత, 2005 అక్టోబర్ 8న, యావుందేలో ఈజిప్ట్‌తో మ్యాచ్, గెలిస్తే వరల్డ్ కప్, స్కోర్ 1-1, ఇంజురీ టైంలో కామెరూన్‌కి పెనాల్టీ. బంతి పెట్టుకున్నది మళ్ళీ వోమేనే. పోస్ట్‌కి తగిలింది. అంతే, కామెరూన్ ఇంటికి, సుడాన్‌లో తన మ్యాచ్ గెలిచిన ఐవరీ కోస్ట్ చరిత్రలో మొదటిసారి వరల్డ్ కప్‌కి. ఆ రాత్రే డ్రెస్సింగ్ రూంలో మైక్ పట్టుకున్న ద్రోగ్బా, టీమ్ అందరితో కలిసి మోకాళ్ళ మీద కూర్చుని, తుపాకులు కింద పెట్టండని సివిల్ వార్‌లో ఉన్న తన దేశాన్ని వేడుకున్నది. ఒక పోస్ట్ ఒక అంగుళం పక్కకి ఉంటే ఆ వీడియోనే ఉండేది కాదు. వోమే చెడ్డ ప్లేయర్ అని కాదు, రెండు ఆఫ్రికా కప్పులు కూడా గెలిచాడు, కానీ నాకు ఇతని పేరు రాయాలంటే చెయ్యి రావట్లేదు.

కాబట్టి నాలుగోవాడు, నైజీరియా సెలెస్టీన్ బాబాయారో, మా గ్రూపులో ముద్దుగా బాబాయ్. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఫైనల్‌లో అర్జెంటీనా ముందే గోల్ కొట్టి కూర్చుంటే, హెడర్‌తో సమం చేసి పల్టీలు కొట్టింది ఇతనే, అప్పటికి వయసు 17. ఆ మ్యాచ్ నైజీరియా 3-2తో గెలిచింది. తర్వాత చెల్సీలో చాలా ఏళ్ళు ఆడాడు. లోపం ఏంటంటే పైకి వెళ్తే వెళ్ళిపోతాడు, వెనకాల జాగా ఖాళీ. ఇది గుర్తుపెట్టుకోండి, ఇక్కడి నుంచి మిగతా టీమ్ మొత్తం ఈ ఖాళీని పూడ్చడం కోసమే.

సెంటర్ బ్యాక్‌లు అందుకే వేగం ఉన్నోళ్ళే కావాలి. ఎడమ పక్క కూలిబాలి, నాపోలిలో ఏళ్ళ తరబడి ఆడింది అటుపక్కే, 2018లో టైటిల్ రేస్ మధ్యలో యువెంటస్ గ్రౌండ్‌లో 90వ నిమిషంలో హెడర్ కొట్టి గెలిపించింది ఇప్పటికీ కళ్ళముందుంటుంది, పైగా సెనెగల్ మొదటి ఆఫ్రికా కప్ ఎత్తిన కెప్టెన్. పక్కన ఎవరంటే నా మనసు ఘనా శామ్యూల్ కుఫూర్ వైపు లాగుతుంది. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఇంజురీ టైంలో మాంచెస్టర్ యునైటెడ్ రెండు గోల్స్ కొట్టాక గ్రౌండ్‌ని పిడికిళ్ళతో గుద్దుకుంటూ ఏడ్చిన బేయర్న్ ప్లేయర్ గుర్తున్నాడా, అతనే, రెండేళ్ళకి అదే కప్ గెలిచాడు. కానీ కోలో టూరే కూడా అంతే బరువు, 2003-04లో లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఓడని ఆర్సెనల్ డిఫెన్స్‌లో ఉన్నాడు, 2015లో ఐవరీ కోస్ట్‌కి ఆఫ్రికా కప్ గెలిచాడు. ఇద్దరూ సమానం అయితే దేశం చూస్తానని పైన నేనే అన్నా కదా, కుఫూర్‌కి ఆఫ్రికా కప్ లేదు. కోలో ఆడతాడు, కుఫూర్ బెంచ్. సౌత్ ఆఫ్రికా లూకాస్ రాడెబే, మొరాకో నైబెత్ ఫ్యాన్స్ తిట్టుకోవచ్చు, తప్పదు, నైబెత్ ఉన్న డెపోర్టివో 2000లో స్పెయిన్ లీగ్ గెలిచిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు కూడా.

రైట్ బ్యాక్‌లో పెద్ద చర్చ లేదు, హకీమి. 2025 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో పీఎస్జీ 5-0తో ఇంటర్‌ని చితక్కొట్టిన రోజు మొదటి గోల్ ఇతనిదే. జాగ్రత్తగా ఆడాలనుకుంటే కామెరూన్ లారెన్ ఉన్నాడు, కోలోతో పాటు ఆర్సెనల్‌లో ఆడినోడు, రెండు వైపులా ఫుల్ బ్యాక్‌లు పైకి పోతే భయం అనుకునేవాళ్ళు లారెన్‌ని తీసుకోండి, ఆ భయంలో అర్థం ఉంది.

గోల్‌కీపర్‌కి ముగ్గురి మధ్య పోటీ. కామెరూన్ థామస్ ఎన్‌కోనో, మొరాకో బోనో, ఇందాక చెప్పిన ఎల్ హదారీ. ఎల్ హదారీ 2018 వరల్డ్ కప్‌లో 45 ఏళ్ళ వయసులో దిగి పెనాల్టీ ఆపాడు, ఆ ఒక్కదానికే దండం పెట్టొచ్చు. ఎన్‌కోనో 1982 వరల్డ్ కప్‌లో మూడు మ్యాచుల్లో ఒక్కటే గోల్ ఇచ్చాడు, అది కూడా ఆ కప్ గెలిచిన ఇటలీకి, మూడూ డ్రా అయి కామెరూన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండానే ఇంటికెళ్ళింది. పొడుగు ట్రాక్ ప్యాంట్ వేసుకుని ఆడేవాడు. 1990లో టీవీలో ఇతన్ని చూసి గోల్‌కీపర్ అవ్వాలనుకున్న ఇటలీ పిల్లోడు బుఫాన్, తర్వాత తన కొడుక్కి థామస్ పేరు కలిపి పెట్టుకున్నాడు. బోనో 2022లో స్పెయిన్ మీద షూటౌట్‌లో రెండు ఆపాడు, సెమీస్ దాకా మొరాకో తిన్నది ఒక్క గోల్, అది కూడా సొంత ప్లేయర్ కాలికి తగిలి వెళ్ళింది. మ్యాచ్ 90 నిమిషాలైతే ఎన్‌కోనో, పెనాల్టీల దాకా పోయేలా ఉంటే 119వ నిమిషంలో బోనోని దించుతా. ఇద్దర్నీ వాడుకోవచ్చు కదా, ఎందుకు కొట్టుకోవడం.

మిడ్‌ఫీల్డ్‌లో ఇద్దరు ఫిక్స్. ఒకరు యాయా టూరే, 2011 నుంచి 2014 దాకా వరసగా నాలుగుసార్లు ఆఫ్రికా బెస్ట్ ప్లేయర్, 2013-14లో మిడ్‌ఫీల్డర్ అయ్యుండి ప్రీమియర్ లీగ్‌లో 20 గోల్స్, ఆ ఆరడుగుల పైచిలుకు మనిషి మిడిల్‌లోంచి బంతి తీసుకుని నడక మొదలెడితే లారీకి దారిచ్చినట్టు పక్కకి జరిగేవాళ్ళు. ఇంకో సౌకర్యం ఏంటంటే 2009 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో బార్సిలోనాకి సెంటర్ బ్యాక్‌గా ఆడాడు, అవసరమైతే వెనక్కి లాగొచ్చు. రెండోవాడు ఘనా ఎసియెన్, మోకాలి గాయాలు రాకముందు ఎసియెన్ అని గట్టిగా చదువుకోండి. బాబాయ్ పైకి పోయినప్పుడు ఆ ఖాళీలోకి పరిగెత్తేది ఇతనే, రోజంతా పరిగెత్తగలడు.

మూడో సీటు దగ్గర గొడవ, నైజీరియా ఒకోచానా ఘనా అబెది పెలేనా? ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా ఒకోచా వీడియోలే, నాకూ ఇష్టమే, 1993లో ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఆడుతూ పెనాల్టీ బాక్స్‌లో ఆలివర్ కాన్‌ని అటూ ఇటూ పొర్లించి, డిఫెండర్లు లేచి వచ్చేదాకా ఆగి మళ్ళీ తిప్పి కొట్టిన గోల్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ అబెది పెలేవి వీడియోలు తక్కువ ఉన్నాయి కాబట్టి జనం మర్చిపోయారు, అంతే తేడా. 1993 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఏసీ మిలాన్ మీద మార్సే గెలిచింది 1-0, ఆ గోల్‌కి కార్నర్ వేసింది ఇతనే, బోలి తల తగిలించాడు. 17 ఏళ్ళకే 1982లో ఘనాతో ఆఫ్రికా కప్ గెలిచాడు. 1992లో మళ్ళీ ఫైనల్ దాకా మోసుకెళ్ళాడు గానీ సస్పెన్షన్ వల్ల ఆ ఫైనల్ బయట కూర్చుని చూడాల్సి వచ్చింది, పెనాల్టీల్లో 11-10తో ఘనా ఓడిపోయింది. ఒకోచాకి కూడా 1994 ఆఫ్రికా కప్, 1996 ఒలింపిక్ గోల్డ్ ఉన్నాయి కాబట్టి దేశం లెక్కలో ఇద్దరూ దగ్గరదగ్గరే, కానీ చివరి పాస్ ఎవరు ఇస్తారంటే నా డబ్బులు అబెది మీద. మ్యాచ్ గెలిచేసి ఉంటే 75వ నిమిషంలో ఒకోచాని దించండి, జనం టికెట్ డబ్బులు వసూలవుతాయి.

ఇక తొక్కిసలాట దగ్గరకొద్దాం. ఆఫ్రికాకి స్ట్రైకర్లు ఎంతమంది అనేది నాకు పుస్తకంలో కాదు గచ్చిబౌలి స్టేడియంలో అర్థమైంది. హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆడిన నైజీరియా ఒగ్బెచే గుర్తున్నాడు కదా, 2021-22లో 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్, మనకి ఐఎస్ఎల్ కప్. ఆ తర్వాత సీజన్ సొంత గ్రౌండ్‌లో చూశా, 38 ఏళ్ళ మనిషి, పరిగెత్తడం చాలా తక్కువ, డిఫెండర్ వీపు వెనకాల ఏదో బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడతాడు, బంతి వచ్చే అర సెకను ముందు రెండు అడుగులు వేస్తాడు, అంతే, డిఫెండర్ తిరిగి చూసేసరికి ఇతను ముందున్నాడు. 17 ఏళ్ళకే 2002 వరల్డ్ కప్ ఆడిన మనిషి ఇతను. అలాంటోడు మన లీగ్‌ని ఆడుకుంటుంటే, ఆఫ్రికా ఆల్ టైం స్ట్రైకర్ల లిస్ట్‌లో మొదటి ముప్పై మందిలో కూడా ఎవరూ ఇతని పేరు రాయరు. అంత క్యూ ఉంది అక్కడ.

కుడి వైపు సలా. మహరెజ్ ఎడమ కాలు ఎంత అందంగా ఉన్నా, 2019 ఆఫ్రికా కప్ సెమీస్‌లో నైజీరియా మీద చివరి నిమిషం ఫ్రీ కిక్ ఎంత గొప్పదైనా, లివర్‌పూల్‌లో 2017-18లో 32 లీగ్ గోల్స్ కొట్టినవాడు ఏడేళ్ళ తర్వాత 29 గోల్స్, 18 అసిస్ట్‌లతో మళ్ళీ లీగ్ గెలిపించాడంటే ఇద్దరూ సమానం అని నేను అనలేను. దేశం లెక్క ఇక్కడ పనికిరాదు.

మధ్యలో ఎవరు, ఎడమ వైపు ఎవరు అనేది అసలు ప్రశ్న. మామూలుగా అందరూ కామెరూన్ ఎటోని తొమ్మిదో నంబర్‌లో, అంటే మధ్యలో స్ట్రైకర్‌గా పెట్టి, ఎడమ వైపు సెనెగల్ మానేని పెడతారు. తప్పేం కాదు. ఎటో ఆఫ్రికా కప్‌లో 18 గోల్స్, అదే రికార్డ్, 2006, 2009 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్స్ రెండింట్లోనూ గోల్ కొట్టాడు, వరసగా రెండేళ్ళు రెండు వేరే క్లబ్బులతో ట్రెబుల్ (ఒకే సీజన్‌లో లీగ్, ఆ దేశం కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ) గెలిచాడు, గోల్స్ లెక్కలో అతనికి పోటీ లేదు. కానీ ఆ రెండో ట్రెబుల్ చూడండి, 2010 ఇంటర్. మౌరిన్యో అతన్ని వింగ్‌కి పంపాడు, మిలిటో మధ్యలో గోల్స్ కొడుతుంటే ఇతను ఫుల్ బ్యాక్‌కి సాయం చేశాడు. బార్సిలోనాలో సెమీఫైనల్ రోజు మోట్టా రెడ్ కార్డ్ తిని వెళ్ళిపోయాక అచ్చంగా లెఫ్ట్ బ్యాక్ లాగే ఆడాడు, తనని వద్దనుకున్న క్లబ్ మీద, అదే గ్రౌండ్‌లో. పేరుకి తగ్గట్టే ఎటు పంపితే అటు వెళ్ళాడు. బాబాయ్ వెనకాల ఖాళీ అని మొదట్నుంచీ మొత్తుకుంటున్నా కదా, దానికి మందు ఇదే. ఎటో ఎడమ వైపు. అంత గోల్ స్కోరర్‌ని పక్కకి తోయడం వేస్ట్ అంటారు మీరు, నేను కూడా ముందు అదే అనుకున్నా, కానీ అటు నుంచి లోపలికి వచ్చి గోల్స్ కొట్టడం ఎలాగూ మానడు, పైగా మధ్యలో ఇంకొకరికి జాగా దొరుకుతుంది.

ఆ ఇంకొకరు వియానా ద్రోగ్బానా? 1995 బాలన్ డోర్, అంటే ఏటా బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చే అవార్డు, ఇప్పటికీ ఆఫ్రికా దేశానికి ఆడినవాళ్ళలో అది గెలిచింది వియా ఒక్కడే. 1996 సెప్టెంబర్‌లో వెరోనా మీద గోల్ చూడనివాళ్ళు చదవడం ఆపి చూసి రండి. అవతలివాళ్ళ కార్నర్, బంతి సొంత బాక్స్‌లో వియా కాళ్ళ దగ్గర పడింది, పాస్ ఇవ్వకుండా అలా ముందుకి కదిలాడు, హాఫ్ లైన్ దగ్గర ముగ్గురి మధ్య ఇరుక్కుని బంతి పోయిందనుకుంటే గిర్రున తిరిగి బయటపడ్డాడు, గ్రౌండ్ ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చి గోల్ కొట్టాడు. ద్రోగ్బా అలాంటివి కొట్టడు, కానీ పెద్ద మ్యాచ్ అంటే చాలు మనిషి మారిపోతాడు, నాలుగు వేర్వేరు ఎఫ్ఏ కప్ ఫైనల్స్‌లో గోల్ కొట్టాడు, 2012 మ్యూనిక్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో 88వ నిమిషంలో హెడర్, ఎక్స్‌ట్రా టైంలో వెనక్కొచ్చి అనవసరంగా రిబెరీని పడేసి పెనాల్టీ ఇచ్చి మన గుండె ఆపాడు గానీ గోల్‌కీపర్ పీటర్ చెక్ కాపాడాడు, చివరి కిక్ మళ్ళీ ఇతనే. ఇక్కడ నా సలహా ఏంటంటే ప్లేయర్ని కాదు అవతలి టీమ్‌ని చూసి తీసుకోండి. వాళ్ళు పైకొచ్చి ఆడేరకం అయితే వియా, ఎందుకంటే ముందు ఖాళీ జాగా దొరుకుతుంది. అందరూ బాక్స్‌లో గోడ కట్టి నిలబడేరకం అయితే ద్రోగ్బా, కార్నర్ ఒక్కటి చాలు. నా స్టార్టింగ్‌లో మాత్రం వియానే.

బెంచ్ మీద ద్రోగ్బా, మానే, ఒకోచా, కుఫూర్, లారెన్, బోనో, ఇంకా కామెరూన్ రోజర్ మిల్లా. మిల్లా లేకుండా ఈ టీమే లేదు, 1990 వరల్డ్ కప్‌లో 38 ఏళ్ళకి ప్రతి మ్యాచ్‌లోనూ మధ్యలో దిగి 4 గోల్స్ కొట్టాడు, కొలంబియా గోల్‌కీపర్ హిగిటా గోల్ వదిలేసి బాగా ముందుకొచ్చి డ్రిబ్లింగ్ చేయబోతే బంతి లాగేసుకుని ఖాళీ నెట్‌లోకి కొట్టాడు. సబ్‌గా దిగడం అనే ఉద్యోగానికి పుట్టిన మనిషి. 1987 యూరోపియన్ కప్ ఫైనల్‌లో బేయర్న్ మీద మడమతో గోల్ కొట్టిన అల్జీరియా మాజెర్‌కి జాగా లేకపోయింది, ఇది మాత్రం నాకూ బాధగానే ఉంది.

పెనాల్టీల దాకా వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, సలాని ఐదో కిక్‌కి దాచొద్దు. 2022 ఫిబ్రవరిలో ఆ ఆఫ్రికా కప్ ఫైనల్‌లో అలాగే దాచారు, వంతు రాకముందే మానే తన కిక్‌తో 4-2గా ముగించేశాడు, సలా మిడిల్‌లో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. అదే మానే ఆ మ్యాచ్ 7వ నిమిషంలో పెనాల్టీ పోగొట్టుకున్నాడు మరి. కాబట్టి సలా మొదట, తర్వాత యాయా, స్పెయిన్ మీద మెల్లగా మధ్యలోకి తేల్చిన హకీమి మూడు, మానే నాలుగు, ద్రోగ్బా ఐదు.

ఇదంతా టైప్ చేసి గ్రూపులో పెడితే మా ఆరుగురు స్ట్రైకర్ల వాడు మొత్తం చదివి ఒక్కటే అడిగాడు, "మరి బాబాయ్‌కి దెబ్బ తగిలితే లెఫ్ట్ బ్యాక్ ఎవడు రా, బెంచ్ మీద ఎవడూ లేడు కదా" అని. చూసుకుంటే నిజంగానే లేడు. ఎటోని వెనక్కి లాగి ఎడమ వైపు మానేని దించుతా అన్నా. అప్పుడు నా టీమ్‌లో కూడా లెఫ్ట్ బ్యాక్ స్ట్రైకరే అయ్యాడని వాడు ఇప్పటికీ నవ్వుతున్నాడు.